చంద్రుడి లెక్కలో దొంగ సన్యాసి

గడియారాలు చేసే ఆ ఇంట్లో అంకెలు రెండు రకాలు. ఒకటి సంసారులు, రెండోది సన్యాసులు. పన్నెండు సంసారి. రెండుతో పోతుంది, మూడుతో పోతుంది, నాలుగూ ఆరూ కూడా చనువుగా వచ్చి పోతుంటాయి, ఇల్లంతా సందడి. పదమూడు సన్యాసి. ఒకటీ, తనూ తప్ప మూడో మనిషిని గడప తొక్కనివ్వదు.

సంసారుల్లో మళ్లీ తేడాలున్నాయి. పది చాలీచాలని సంసారం: దాన్ని భాగించే చిన్న అంకెలు ఒకటి, రెండు, ఐదు కలిపినా ఎనిమిదే. ఇరవై ఎనిమిది ఉన్నంతలో సర్దుకునే కాపురం: ఒకటి, రెండు, నాలుగు, ఏడు, పద్నాలుగు కలిపితే సరిగ్గా ఇరవై ఎనిమిదే, చిటికెడు మిగలదు, చిటికెడు తగ్గదు. నూట ఇరవై ఉమ్మడి కుటుంబం: లోపలివాళ్లందరినీ కలిపితే రెండువందల నలభై, అంటే పెద్దాయనకి రెండింతలు.

ఈ పేర్లు పెట్టింది అత్తగారు. ఆవిడ పని ఇత్తడి చక్రాలకు మెరుగు పెట్టడం. ఒళ్లో గుడ్డ పరుచుకుని, చక్రాన్ని పన్ను పన్నుకీ తోముతూ, ఎదురుగా ఎవరుంటే వాళ్లకి అంకెల మంచీ చెడ్డా చెప్పేది. కొత్త కోడలు కాలేజీలో వీటినే ప్రధాన సంఖ్యలనీ, సంయుక్త సంఖ్యలనీ, పరిపూర్ణ సంఖ్యలనీ చదువుకుంది. అవే పెద్దమనుషులు ఈ ఇంట్లో లుంగీలు కట్టుకుని తిరుగుతున్నట్టు కనబడేసరికి ఆమెకి నవ్వాగలేదు. ఆ సంగతి చెబుదామని మెట్లు దిగి మొగుడి దగ్గరికి పరిగెత్తింది. అతను చీమ తలంత మరమేకును పట్టకారుతో పట్టుకుని, "ఒక్క నిమిషం" అన్నాడు.

అతను దేనికైనా అదే అంటాడు. అన్నానికి పిలిస్తే ఒక్క నిమిషం, వాన వస్తోంది లోపలికి రమ్మంటే ఒక్క నిమిషం. వీధి వీధంతా అతన్ని నిమిషం అనే పిలుస్తుంది. పెళ్లి కాగితం మీద సంతకం పెట్టమన్నప్పుడు కూడా అదే మాట అని, కలం గీరుతోందని ములికిని సరిచేసి మరీ పెట్టాడు. పెళ్లికూతురు ఆ క్షణంలోనే అతన్ని ఇంకాస్త ఇష్టపడింది, కానీ అది ఇప్పటివరకు ఎవరికీ చెప్పలేదు.

పైన ఇల్లు, కింద పనిగది. పనిగదిలో గోడవారగా మూడు బల్లలు. తలుపు దగ్గరది మామగారిది, మధ్యది నిమిషానిది, కిటికీ పక్కది ఖాళీ. ఆ బల్ల ఒకప్పుడు మామగారి తమ్ముడిది. కళ్లు మసకబారి ఆయన పని మానేశాక, దాని మీద పాత గొడుగులూ, మూత లేని డబ్బాలూ చేరాయి. కోడలు ఈ ఇంటికి వచ్చినరోజు గదులన్నీ చూపించారు. అన్నిటికీ తల ఊపింది గానీ, ఆమె కన్ను మాత్రం ఆ బల్ల మీదే ఆగింది. పొద్దున పూట కిటికీ వెలుతురు చేతివేళ్ల నీడ కూడా పడనంత నిండుగా దాని మీద పడుతుంది. పక్కనే మొగుడి బల్ల. చెయ్యి చాస్తే అందేంత దూరం. అక్కడ కూర్చుని పని చేయాలని ఆమెకి కోరిక పుట్టింది. కొత్త పెళ్లికూతురి కోరికల్లో ఇలాంటిది కూడా ఉంటుందా అంటే, ఉంటుంది.

అడిగింది. మామగారు కాదనలేదు, సరే అనలేదు. ఆ పనిగదికి ఒక పద్ధతి ఉంది. బల్ల కావాలన్నవాళ్లు ముందు అంకె తేవాలి. అంటే, ఇంతవరకు ఆ ఇంట్లో ఎవరూ కోయని పళ్లచక్రాల వరసకి లెక్క కట్టి తేవాలి. ఆ లెక్క ప్రకారం చక్రాలు కోయాలి. అవి గడియారంలో తిరగాలి. తిరిగితే బల్ల. మామగారూ అలాగే తెచ్చుకున్నాడు, ఆయన తమ్ముడూ అంతే. నిమిషం మొదటి అంకె తప్పింది, రెండోది కూడా తప్పింది, మూడోసారి గానీ బల్ల దక్కలేదు. తండ్రి కొడుకనీ చూడలేదు.

"నువ్వు కోడలివి కదా అని తగ్గించను, పెంచను. కాకపోతే తొందరగా తేవాలి" అన్నాడాయన.

తొందరెందుకంటే, ఇత్తడిని గిర్రున తిప్పి చెక్కే కొత్త లేతు మర ఒకటి రాబోతోంది. దాన్ని ఎక్కడ పెట్టాలో ఆయన అప్పటికే ఆలోచించుకున్నాడు. కిటికీ బల్ల చుట్టూ నేల మీద సుద్దతో నాలుగు గుర్తులు గీశాడు, మర కాళ్లు ఆనే చోటని. కోడలు ఊడ్చేటప్పుడు ఆ గుర్తుల మీదికి చీపురు పోనిచ్చేది. మర్నాటికి మళ్లీ ఉండేవి. మాటామంతీ లేని యుద్ధం అది.

అలాంటి రోజుల్లో లైబ్రేరియన్ వచ్చింది. లైబ్రరీ చదువుల గదిలో ఈ ఇంటివాళ్లు ఎప్పుడో చేసిచ్చిన గడియారం ఉంది. దానికి పైన ఒక కిటికీ, అందులో సగం నలుపూ సగం వెండి పూసిన బంతి. అదే చంద్రుడు. టైము బాగానే చూపిస్తుంది గానీ, చంద్రుడు మాత్రం మూడేళ్లు నిండకుండానే ఒక రోజు తప్పుతాడు. లైబ్రేరియన్ స్టూలెక్కి బంతిని వేలితో తోసి సరిచేయాలి. ఆవిడకి ఇప్పుడు మోకాళ్ల నొప్పులు. కొత్త హాలుకి కొత్త గడియారం కావాలనీ, అందులో చంద్రుణ్ని తాను గానీ, తన తర్వాత వచ్చేవాళ్లు గానీ తోయాల్సిన పని ఉండకూడదనీ చెప్పింది. పెట్టె తయారైంది, గంట కొట్టే యంత్రం తయారైంది, చంద్రుడే మిగిలాడు.

తప్పు ఎక్కడుందో మామగారికి తెలుసు. అమావాస్య నుంచి అమావాస్యకి సగటున ఇరవై తొమ్మిదిన్నర రోజులు. కాస్త ఎక్కువ. ఆ కాస్తే కొంప ముంచుతుంది. యాభై తొమ్మిది రోజులకి రెండు చుట్లు అని లెక్క వేసుకుంటే చక్రాలు తేలిగ్గా వస్తాయి, కానీ ఆ కాస్త పోగుపడి రోజవుతుంది. ఇంతకన్నా మంచి లెక్కలు లేక కాదు. ఆయన వాటిని తలుపు లోపలివైపు సుద్దతో రాసుకున్నాడు. 443 రోజులకి పదిహేను చుట్లు. 443 సన్యాసి. 1,447 రోజులకి నలభై తొమ్మిది చుట్లు. 1,447 కూడా సన్యాసే. 25,101 రోజులకి ఎనిమిది వందల యాభై చుట్లు. ఇది అద్భుతమైన లెక్క, కానీ 25,101ని మూడుతో, మళ్లీ మూడుతో భాగించాక 2,789 మిగులుతుంది. అది మఠం వేసుకుని కూర్చున్న సన్యాసి.

సన్యాసితో తంటా ఏమిటంటే, 25,101 పళ్లున్న చక్రం ఎవరూ చేయలేరు. పెద్ద అంకెని చిన్న చిన్న కారణాంకాలుగా విడగొట్టి, ఒక్కో ముక్కకీ ఒక్కో చక్రం కోసి, వాటిని ఒకదానికొకటి తగిలిస్తే అన్నీ కలిసి పెద్ద అంకె పని చేస్తాయి. విడగొట్టడానికే లొంగని అంకెని ఏం చేసుకోవాలి? పళ్లు కోయడానికి ఆ ఇంట్లో ఇత్తడి పళ్లెం ఒకటుంది. దాని మీద చుట్లు చుట్లుగా రంధ్రాలు. ఎన్ని పళ్లు కావాలో అన్ని రంధ్రాల చుట్టు మీద ముల్లు గుచ్చుకుంటూ పోతే పళ్లు సమానంగా వస్తాయి. పన్నెండు నుంచి నూట ఇరవై దాకా ప్రతి లెక్కకీ అందులో చుట్టుంది. నూట ఇరవై లోపు చిన్న సన్యాసుల్ని అది ఎలాగో భరిస్తుంది. ఆ పైన దాని వల్ల కాదు.

"చంద్రుడి చుట్టూ చేరినవాళ్లంతా సన్యాసులే, ఏం చేస్తాం" అని అత్తగారు చక్రం తోముకుంటూ తీర్పు చెప్పింది.

కోడలు ఆ తలుపు మీది అంకెల్ని నోటికి పట్టేసింది. కూరగాయలు తరిగేటప్పుడూ అవే, తల దువ్వుకునేటప్పుడూ అవే. ఒకరోజు డాబా మీద బట్టలారేస్తుంటే క్లిప్పులు చాల్లేదు. తన తువ్వాలు అంచునీ, మొగుడి చొక్కా అంచునీ కలిపి ఒకే క్లిప్పు కింద పెట్టింది. ఎందుకో అది చూడముచ్చటగా అనిపించి కాసేపు అక్కడే నిలబడింది. అప్పుడు తోచింది. 25,101 కింద 850 అనే లెక్క అసలు చంద్రుడికన్నా వెంట్రుకవాసి తక్కువ. దాని పక్కనే వెంట్రుకవాసి ఎక్కువ చూపించే లెక్క ఇంకొకటుంది: 26,548 కింద 899. అదీ పనికిరానిదే, లోపల 6,637 అనే సన్యాసిని దాచుకుంది. ఈ రెండింటినీ ఒకే క్లిప్పు కింద పెడితే? పైవాటిని పైవాటితో, కిందివాటిని కిందివాటితో కలిపితే వచ్చేది రెండింటికీ నడుమన పడుతుంది. అంటే అసలు చంద్రుడికి ఇంకా దగ్గరగా పడే వీలుంది.

51,649 రోజులకి 1,749 చుట్లు.

మిగతా తడిబట్టలు బకెట్లోనే వదిలేసి కిందికి దిగింది. పనిగదిలో ముగ్గురూ ఉన్నారు. తలుపు మీద అంకె రాసింది. అత్తగారు గుడ్డ పక్కన పెట్టి, అలవాటు ప్రకారం పరీక్ష మొదలుపెట్టింది.

"చివర తొమ్మిది. రెండూ లేదు, ఐదూ లేదు. అన్నీ కలిపితే ఇరవై ఐదు, మూడు పోదు. ఏడు..." పెదవులు కదిలాయి. "పోదు. పదకొండూ పోదు. సన్యాసేనమ్మా, వదిలెయ్."

"పదమూడు చూడండి అత్తయ్యా."

అత్తగారు పదమూడు చూసింది. పోయింది. మిగిలిన 3,973ని కోడలు ఇరవై తొమ్మిదితో భాగించి చూపించింది. నూట ముప్పై ఏడు వచ్చింది. పదమూడు, ఇరవై తొమ్మిది, నూట ముప్పై ఏడు: మూడింటినీ హెచ్చవేస్తే 51,649. కింద ఉన్న 1,749 ఇంకా బుద్ధిమంతురాలు. మూడు, పదకొండు, యాభై మూడు.

అత్తగారు ఆ అంకెని కాసేపు ఎగాదిగా చూసింది. "దొంగ సన్యాసి. పైకి కాషాయం, లోపల ముగ్గురు" అంది. తర్వాత మాటవరసకి లోపలివాళ్లందరినీ కూడింది. 6,311 అయింది. అసలు అంకెలో ఎనిమిదో వంతుకి కూడా రాదు. "ఎంత పెద్ద ఇల్లు, ఎంత కొద్ది జనం" అని జాలిపడింది.

మామగారు నవ్వలేదు. బల్లకి చేరగిలబడి, చంద్రుడు ఒక చుట్టులో ఎంత తప్పుతాడో లెక్క వేసుకున్నాడు. మళ్లీ వేసుకున్నాడు. లైబ్రరీ గోడలు నిలిచి ఉన్నంతకాలం ఒక రోజు కూడా తప్పడని తేలింది. చక్రాలు కూడా కుదిరాయి. పదమూడుని నాలుగింతలు చేసి యాభై రెండు పళ్ల చక్రం, ఇరవై తొమ్మిదిని రెండింతలు చేసి యాభై ఎనిమిది పళ్ల చక్రం. ఆ పెంచిన ఎనిమిదింతల్నీ చిన్న చక్రాల్లో కలిపేస్తే అవి పన్నెండు, ఇరవై రెండు, యాభై మూడు. అన్నీ పళ్లెం మీద ఉన్నవే. మిగిలింది ఒక్కటే.

"మరి ఈ నూట ముప్పై ఏడు సంగతేంటి?" అన్నాడు.

దానికి జవాబు ఆమె దగ్గర సగమే ఉంది. వృత్తాన్ని నూట ముప్పై ఏడు భాగాలు చేయడం కష్టం. తిన్నని గీతని చేయడం కష్టం కాదు. గీతకి సన్యాసి అనీ సంసారి అనీ పట్టింపు లేదు. రేకు పట్టీ మీద సమదూరంలో గీతలు గీసి, ఆ పట్టీని కొయ్యచక్రం చుట్టూ చుట్టి, గీత గీతకీ ఆపుతూ పళ్లు కోయొచ్చు. కానీ అన్ని గీతలు సమంగా గీయడమెలా? మిగతా సగం నిమిషం చెప్పాడు. మూలనున్న పాత లేతు పిడిని ఒక్క చుట్టు తిప్పితే పనిముట్టు ప్రతిసారీ అంతే దూరం జరుగుతుంది. ఒక చుట్టుకి ఒక గీత.

అతను పిడి తిప్పాడు, ఆమె గీతలు గీసింది. మధ్యాహ్నపు ఎండ నేలమీద పరుచుకుంది. పక్కపక్కనే కూర్చుని ఇద్దరూ పైకి లెక్కపెట్టుకుంటూ పోయారు. నలభై దగ్గర అతను ఆమె చెవిలో ఏదో అన్నాడు, అరవై దగ్గర ఆమె అతని కాలు తొక్కింది. అయినా లెక్క తప్పలేదు. నూట ముప్పై ఏడో గీత దగ్గర ఆపారు. పట్టీని మొదటి గీత దగ్గరా, చివరి గీత దగ్గరా కత్తిరించి, రెండు కొసలూ సరిగ్గా కలిసేదాకా కొయ్యచక్రాన్ని చెక్కుకుంటూ వచ్చారు. అతుకు కనబడనంత బాగా కుదిరింది. ఆ కొయ్యచక్రంతో పాటే తిరిగేలా ఇత్తడి బిళ్లని బిగించి పళ్లు కోశారు. ఆమె కోసిన మొదటి చక్రం అది. సాయంత్రం అత్తగారి ఒళ్లో పెట్టి, మెరుగు పెట్టడం చూస్తూ ఎదురుగా కూర్చుంది.

అత్తగారు తోముతూ పళ్లు లెక్కపెట్టడం కొత్తేమీ కాదు. చుట్టు పూర్తయింది, ఆగింది, మళ్లీ మొదట్నుంచీ తోమింది.

"నూట ముప్పై ఆరే ఉన్నాయే. మీ మావయ్య నోట్లో లాగా దీనికీ ఒకటి తక్కువైంది" అంది.

ఎవరూ నమ్మలేదు. నిమిషం లెక్కపెట్టాడు, మామగారు లెక్కపెట్టాడు. నూట ముప్పై ఆరే. కోడలు పట్టీని తీసి బల్ల మీద పరిచింది. గీతలు నూట ముప్పై ఏడూ ఉన్నాయి. కాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది, తర్వాత నుదురు కొట్టుకుంది. పరిచినప్పుడు గీతలు నూట ముప్పై ఏడు. చుట్టినప్పుడు మొదటి గీతా చివరి గీతా ఒకదాని మీద ఒకటి పడి ఒక్కటవుతాయి. లెక్కపెట్టాల్సింది గీతల్ని కాదు, మధ్యనున్న జాగాల్ని. దడి కట్టేవాడికి తెలిసే సంగతి ఇది: రాటలకన్నా సందులు ఒకటి తక్కువ. లెక్కల్లో పట్టా ఉన్న మనిషీ, పుట్టినప్పట్నుంచీ పళ్లు లెక్కపెట్టుకుంటూ పెరిగిన మనిషీ కలిసి చేస్తే గానీ ఇంత చక్కటి తప్పు జరగదు.

మామగారు ఇంకో బిళ్ల ఉందని చెప్పాడు. అదే ఆఖరిదని కూడా చెప్పాడు. వెళ్తూ వెళ్తూ సుద్దముక్క తీసి నేల మీద అరిగిపోయిన నాలుగు గుర్తులకీ మళ్లీ దిద్దాడు.

రెండోసారి చెవిలో మాటలు లేవు. ఒక గీత ఎక్కువ గీశారు. అత్తగారు లెక్కపెట్టి సరే అంది. పాడైన చక్రాన్ని ఆవిడ పారేయనివ్వలేదు. మంచి ఇత్తడి, గుండ్రంగా ఉంది, పాలగిన్నె కిందికి పనికొస్తుందని వంటింట్లోకి పట్టుకుపోయింది. అప్పట్నుంచీ పొయ్యి మీంచి దించిన గిన్నె ప్రతి పూటా దాని మీదే కూర్చునేది. కోడలు పాలు పోసుకున్నప్పుడల్లా అది చూసి తల తిప్పుకునేది.

చక్రాలన్నీ చట్రంలో కూర్చే రోజు వచ్చింది. మర్నాడు పొద్దున లైబ్రేరియన్ బండి తీసుకుని వస్తుంది. అదే పూట లేతు కూడా వస్తుందని కబురు. మామగారు పెట్టె తలుపు తీసి, రోజు చక్రానికి పిడి తగిలించి, నిదానంగా తిప్పాడు. చక్రాలు కిక్కురుమనకుండా కదిలాయి. బంతి మెల్లగా తిరిగింది. నలుపు తగ్గి వెండి అంచు బయటికొచ్చింది. నిమిషం ఈల వేశాడు. అత్తగారు చేతులు తుడుచుకుని దగ్గరికొచ్చి, బాగుందమ్మా అంది. మామగారి మొహంలో కూడా ఏదో కదిలింది. ఆయనకది నవ్వుతో సమానం.

కోడలు బంతిని చూడటం లేదు. దాని కింద చంద్రుడి వయసు చూపించే చిన్న ముల్లుంది, ఒకటి నుంచి ఇరవై తొమ్మిదిన్నర దాకా అంకెలున్న పలక మీద. అమావాస్య నుంచి మొదలైన ఆ ముల్లు ఒకటి వైపు పోలేదు. ఇరవై తొమ్మిది మీదికి వచ్చింది. ఆ తర్వాత ఇరవై ఎనిమిది.

చంద్రుడు వెనక్కి నడుస్తున్నాడు.

ఆమెకి కారణం వెంటనే అర్థమైంది. తగిలిన ప్రతి చక్రమూ తన పక్కదాన్ని ఎదురు దిక్కుకి తిప్పుతుంది. రెండు జతలుంటే ఎదురుకి ఎదురు కలిసి సరైన దిక్కవుతుంది. ఈ ఇంట్లో తరతరాలుగా రెండు జతల చంద్రుళ్లే చేశారు. దిక్కు దానంతటదే కుదిరేది, ఎవరూ పట్టించుకోవాల్సిన అవసరం పడలేదు. ఆమె లెక్కలో మూడు జతలున్నాయి. 51,649కి ఎవరితో భాగింపబడాలో తెలుసు గానీ, ఎటు తిరగాలో తెలీదు. అంకెలో దిక్కుండదు.

మిగతా ముగ్గురూ బంతినే చూస్తున్నారు. ఇప్పుడే చెప్పకపోతే పొద్దున దాకా ఎవరూ గమనించకపోవచ్చు. కిటికీ బల్ల అక్కడే ఉంది. గొడుగులు తీసేసి, నిమిషం దాన్ని తుడిచి కూడా పెట్టాడు. ఆమె ఒకసారి దానివైపు చూసింది.

"మావయ్యా, ముల్లు చూడండి. వెనక్కి పోతోంది. నేను మూడు జతలు పెట్టాను. దిక్కు చూసుకోలేదు" అంది.

మామగారు పిడి ఆపాడు. ముల్లు చూశాడు. ముందుకీ వెనక్కీ తిప్పి చూశాడు. తర్వాత స్టూలు మీద కూర్చుని కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నేను కూడా చూసుకోలేదు అన్నాడు, ఎవరితోనో చెబుతున్నట్టు. మధ్యలో ఇంకో చక్రం ఇరికిస్తే దిక్కు మారుతుందని ఆయనకి చెప్పక్కర్లేదు, నిమిషానికీ చెప్పక్కర్లేదు. పళ్ల సైజు కలిసేది కావాలి, జానెడు వెడల్పుది కావాలి, ఇంట్లో బిళ్ల లేదు, ఇత్తడి కొట్టు మూసేశారు. లైబ్రేరియన్‌కి ఇంకో వారం అడుగుదామన్నాడు నిమిషం. లేతు వారం ఆగదు, దాన్ని దించి ఎక్కడో ఒకచోట పెట్టాలి అన్నాడు మామగారు. ఆ ఎక్కడో ఒకచోటు ఎక్కడో అందరికీ తెలుసు.

భోజనానికి కూర్చున్నారు. ఎవరి కంచం వాళ్లు చూసుకుంటున్నారు. అత్తగారు పాలగిన్నె తెచ్చి బల్ల మధ్యలో పెట్టింది. కోడలు అలవాటు ప్రకారం తల తిప్పుకుంది. తిప్పుకున్న తలని మళ్లీ ఇటు తిప్పింది.

చీర కొంగుతో గిన్నె పట్టుకుని పక్కన పెట్టింది. కింద ఇత్తడి చక్రం, నూట ముప్పై ఆరు పళ్లతో వెచ్చగా ఉంది.

"ఇది సరిపోదా?" అంది.

"ఇది తప్పు లెక్క కదా" అన్నాడు నిమిషం.

"మధ్యలో పెట్టేదానికి లెక్కుండదు. ఒకవైపు నూట ముప్పై ఆరుతో హెచ్చవేస్తుంది, రెండోవైపు నూట ముప్పై ఆరుతో భాగిస్తుంది. వచ్చింది వచ్చినట్టే పోతుంది. అక్కడ ఎన్ని పళ్లున్నా ఒకటే, దిక్కు మాత్రం మారుతుంది."

మామగారు చెయ్యి కడుక్కోకుండానే లేచాడు. చక్రాన్ని గుడ్డతో పట్టుకుని కిందికి తీసుకుపోయి, పెద్ద చక్రం పక్కన ఆనించి చూశాడు. పళ్లు వెంట్రుకంత లావుగా తగిలాయి, అంతే. ఆకురాయితో సరిపెట్టొచ్చు. పెట్టెలో జాగాకి కొదవ లేదు. చట్రాన్ని కాస్త దించితే చాలు. ఆకురాయి ఎవరు పట్టాలో ఆయన చెప్పలేదు. చేతికందిన సన్నరకం ఆకురాయి తీసి కిటికీ బల్ల మీద పెట్టి, దీపం అటు జరిపాడు.

ఆమె వెళ్లి అక్కడ కూర్చుంది. నిమిషం పక్కబల్ల మీంచి చక్రాన్ని పట్టుకుంటే, ఆమె పన్ను పన్నుకీ ఆకురాయి పోనిచ్చింది. చెయ్యి చాస్తే అందేంత దూరమే. ఆమె లెక్క తప్పలేదు.

చక్రం ఎక్కించాక మామగారు పిడి తిప్పాడు. ముల్లు అమావాస్య దాటి ఒకటి మీదికి వచ్చింది, రెండు మీదికి వచ్చింది. ఎవరూ ఈల వేయలేదు. పున్నమి దాకా తిప్పి, బంతి నిండా వెండి వచ్చాక ఆపాడు.

ఈ నూట ముప్పై ఆరుని ఏమని పిలవాలా అని అత్తగారు ఆలోచించింది. అంకెగా చూస్తే అది సంసారే, రెండుతోనూ నాలుగుతోనూ పదిహేడుతోనూ పోతుంది. కానీ ఇక్కడ ఆ సంసారంతో పని లేదు. "చుట్టం" అని తేల్చింది. "వచ్చాడు, ఇంట్లో ఒక్క సామానూ కదపకుండా అందరినీ సరైన దిక్కుకి తిప్పాడు, అంతే." ఆ ఇంట్లో అంకెలకి అప్పట్నుంచీ మూడో రకం కూడా ఏర్పడింది.

పొద్దున లైబ్రేరియన్ వచ్చి పెట్టె తలుపు తెరిపించి చూసింది. మధ్య చక్రం మీద గుండ్రంగా పాలగిన్నె మరక ఉంది. ఎంత తోమినా పోలేదు. అదేమిటని అడిగింది. అదక్కడ ఉండాల్సిందే అని మామగారు గంభీరంగా చెప్పాడు. ఆవిడ తల ఊపి, చంద్రుణ్ని తోయక్కర్లేదు కదా అని ఇంకోసారి రూఢి చేసుకుని బండి ఎక్కించుకుంది.

ఆ వెనకే లేతు వచ్చింది. మోసుకొచ్చినవాళ్లు నేల మీద సుద్ద గుర్తులు చూసి నేరుగా కిటికీ వైపు నడిచారు. మామగారు గుమ్మంలో నిలబడి, అటు కాదు, మెట్ల కింద అన్నాడు. అక్కడ ఇరుకవుతుంది కదండీ అన్నారు వాళ్లు. ఇరుకైతే ఇరుకైందన్నాడు.

వాళ్లు వెళ్లాక చీపురు తెచ్చి నాలుగు గుర్తుల్నీ తానే ఊడ్చేశాడు. తర్వాత కోడలివైపు తిరిగాడు.

"అమ్మాయ్, మీ అత్త పాలగిన్నె నేల మీద పెడుతోంది. దాని కిందికి ఇంకో చక్రం కావాలి. నీ బల్ల మీద కోసి పెట్టు."

"ఎన్ని పళ్లు మావయ్యా?"

"గిన్నెకి లెక్కేంటమ్మా, నీ ఇష్టం."

ఆమె మొగుడివైపు చూసింది. అతను అప్పటికే పాత లేతు పిడి పట్టుకుని, ఒక్క నిమిషం అని కూడా అనకుండా సిద్ధంగా ఉన్నాడు. ఆమె మనసులో అనుకున్న ఇరవై ఎనిమిదికి పళ్లెం మీద చుట్టుంది, పట్టీ అక్కర్లేదు. అయినా ఆమె పట్టీ తీసి, మొదటి గీత గీసింది. ఈసారి సున్నా నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.